మెగ్నీషియం 0.5

నన్ను ఆసుపత్రి మంచం మీద పడేసిన బిళ్లే, అంతకు కొన్నేళ్ల ముందు నా ప్రాణం నిలబెట్టింది. ఈ రెంటిలో ఒకటి దాచి ఇంకోటి చెబితే నా అనుభవం అబద్ధమైపోతుంది. అందుకే జరిగినది జరిగిన వరుసలో చెబుతాను.

నేను కోర్టులో స్టెనోగ్రాఫర్‌ని. ఊరు రాజమండ్రి. జడ్జిగారి డిక్టేషన్ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకోవడం, సాక్షుల వాంగ్మూలాలు టైపు చేయడం, తీర్పు కాపీలు సరిచూడటం నా పని. వేళ్లతో బతికే ఉద్యోగం. నలభై దాటాక గుండెల్లో మంట మొదలైంది. మొదట్లో పెళ్లి భోజనాలు చేసిన రోజున వచ్చేది. తర్వాత ఆవకాయ ముద్ద తింటే చాలు వచ్చేది. చివరికి ఏం తిన్నా, తినకపోయినా వచ్చేది. రాత్రి వెల్లకిలా పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి. దగ్గుతూ లేచి, గోడకి ఆనుకుని తెల్లారేదాకా కూర్చునేదాన్ని.

కొన్నాళ్లకి అన్నం ముద్ద రొమ్ము ఎముక వెనకాల ఆగిపోవడం మొదలైంది. నీళ్లు తాగినా దిగదు. ఆ నీళ్లు కూడా పైకే వస్తాయి. నలుగురిలో కూర్చుని భోజనం చేయడం మానేశాను. మొహం పాలిపోయింది, మెట్లెక్కితే ఆయాసం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7కి పడిపోయి ఉంది. ఎండోస్కోపీ చేస్తే అన్నవాహిక కింది భాగం చుట్టూతా పుండ్లు. ఈ పుండ్ల తీవ్రతని లాస్ ఏంజెలెస్ పద్ధతిలో ఏ నుంచి డి వరకు కొలుస్తారు. నాది డి. పుండు మానినచోట మచ్చ బిగుసుకుని దారి సన్నబడింది. కడుపు పైభాగం కొంత ఛాతీలోకి జారి ఉంది, దాన్ని హయటస్ హెర్నియా అన్నారు. బెలూన్ పెట్టి దారి వెడల్పు చేసి, పాంటొప్రజోల్ 40 మిల్లీగ్రాములు రెండు పూటలా, భోజనానికి అరగంట ముందు వేసుకోమన్నారు.

ఆ బిళ్ల పనితనం నేను ఎప్పటికీ మరిచిపోను. వారం తిరిగేసరికి వెల్లకిలా పడుకుని నిద్రపోయాను. రెండు నెలల తర్వాత మళ్లీ ఎండోస్కోపీ చేస్తే పుండ్లు మానిపోయాయి. రక్తం పట్టింది. వంకాయ కూరతో, కందిపొడితో కడుపునిండా అన్నం తిన్నాను. మా నాన్నగారికి 1970ల్లో కడుపులో అల్సర్ వచ్చి రక్తం కక్కుకుంటే పొట్ట కోసి ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత ఆయన జీవితాంతం పిడికెడు అన్నమే తిన్నారు. ఆ రోజుల్లో అంతకన్నా దారి లేదు. అల్సర్లు చాలావాటికి కారణం ఒక బ్యాక్టీరియా అని తేల్చిన ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లకి 2005లో నోబెల్ ఇచ్చారు. ఆమ్లాన్ని పుట్టే చోటే ఆపే ఒమెప్రజోల్ 1988లో ఐరోపా మార్కెట్లోకి వచ్చింది. పాంటొప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్ అన్నీ దాని తోబుట్టువులే. కడుపు గోడల కణాల్లో ఆమ్లాన్ని బయటికి తోసే పంపుల్ని ఇవి మూసేస్తాయి. డాక్టర్లు వీటిని కలిపి పీపీఐలు అంటారు, మనవాళ్లు గ్యాస్ బిళ్ల అంటారు.

నా దారి మళ్లీ సన్నబడకుండా ఉండాలంటే ఇది ఎక్కువకాలం వాడాలన్నారు. వాడాను. చెప్పిన వేళకి, చెప్పిన మోతాదులో. మధ్యలో బి.పి. వచ్చింది. దానికి ఇచ్చిన బిళ్లలో టెల్మిసార్టాన్‌తో పాటు ఒంట్లో నీరు తీసే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంది. మూత్రంలో మెగ్నీషియం ఎక్కువగా పోయేలా చేసే మందు అది. అప్పటికి ఆ సంగతి నాకేం తెలుసు!

ఏళ్లు గడిచాక ఒక ఎండాకాలంలో పెదాల చుట్టూ చీమలు పాకినట్టు మొదలైంది. తర్వాత వేళ్ల కొసల్లో తిమ్మిర్లు. రాత్రిళ్లు పిక్కలు పట్టేసి ఏడుపొచ్చేది. ఎడమ కంటి రెప్ప రోజుల తరబడి అదిరేది. దేనికీ ఓపిక లేదు, అయినదానికీ కానిదానికీ ఇంట్లో విసుక్కునేదాన్ని. ఒకరు మెడ ఎముకలు అరిగాయన్నారు. ఒకరు బి12 తక్కువన్నారు. ఇంకొకరు ముట్లుడిగే వయసు కదమ్మా, ఇలాగే ఉంటుందన్నారు. కాల్షియం బిళ్లలు ఇచ్చారు. మింగాను. తిమ్మిర్లు అలాగే ఉన్నాయి.

ఒకరోజు భాగస్వామ్య దావాలో సాక్షిని విచారిస్తున్నారు. నేను టైపు చేస్తున్నాను. కుడిచేతి బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయింది. మిగతా నాలుగు వేళ్లూ ఒకదానికొకటి అతుక్కుని, మణికట్టు లోపలికి వంగి, చెయ్యంతా కొంకర్లు పోయింది. ఎడమచేత్తో పట్టి లాగినా రాలేదు. ఆ నొప్పిని ఎలా చెప్పాలో తెలియదు. జడ్జిగారు చూసి విచారణ ఆపించారు. కాసేపటికి చెయ్యి దానంతటదే వదిలింది. ఆ రాత్రే ఇంట్లో ఫిట్స్ వచ్చాయి. అది నాకు గుర్తులేదు. మా ఆయన చెప్పగా తెలిసిందే. నోట్లోంచి నురగ, నెత్తురు, నాలుక కరుచుకోవడం, కళ్లు పైకి పోవడం. ఆయన ఇప్పటికీ మంచానికి ఆ వైపు పడుకోరు.

పెద్ద ఆసుపత్రిలో చేర్చారు. పేరు చెప్పను, అక్కడి వాళ్లే చివరికి నన్ను బాగుచేశారు కూడా. మెదడు స్కాన్‌లో ఏమీ లేదు. ఫిట్స్‌కి మందు మొదలుపెట్టారు. రక్తంలో కాల్షియం 6.2 ఉంది, 8.5కి పైగా ఉండాలి. పొటాషియం కూడా తక్కువే. గుండె ఇ.సి.జి.లో ఒక గీత సాగి ఉందని, లయ తప్పే ప్రమాదం ఉందని మానిటర్ పెట్టారు. సెలైన్‌లో కాల్షియం ఎక్కించారు. ఎక్కిస్తున్నంతసేపు వేళ్లు వదులయ్యేవి. మర్నాటికి మళ్లీ మొదటికే. బి.పి. చూద్దామని చేతికి పట్టా కట్టి గాలి నింపితే ఆ చెయ్యి అందరి ముందే కొంకర్లు పోయింది. కాల్షియం పడిపోయినవాళ్లలో ఇలా అవుతుందని, దీన్ని ట్రూసో గుర్తు అంటారని తర్వాత తెలిసింది.

కాల్షియం ఇస్తున్నా ఎందుకు నిలవడంలేదో ఎవరికీ అంతుపట్టలేదు. రోజూ పొద్దున్నే ట్రేలో అన్ని ఇంజెక్షన్లతో పాటు పాంటొప్రజోల్ ఇంజెక్షన్ కూడా వచ్చేది. మన దగ్గర ఆసుపత్రిలో చేరిన దాదాపు ప్రతివాళ్లకీ అది వస్తుంది. జ్వరమైనా, కాలు విరిగినా, సెలైన్ స్టాండు పక్కన ఆ చిన్న సీసా ఉంటుంది. ఎందుకని ఎవరూ అడగరు.

ఒక రాత్రి డ్యూటీలో ఉన్న పి.జి. డాక్టరమ్మ వయసులో మా అబ్బాయి కంటే చిన్నది. నా బిళ్లల సంచీ మంచం మీద బోర్లించి ఒక్కో స్ట్రిప్పూ చదివింది. పాంటొప్రజోల్ ఎప్పటినుంచి వాడుతున్నారని అడిగింది. బి.పి. బిళ్ల చూసి ఆగింది. కేస్ షీటు వెనక్కి తిప్పి, "అమ్మా, మెగ్నీషియం చూశారా?" అని అడిగింది. మామూలుగా చేసే రక్తపరీక్షల్లో అది ఉండదు. విడిగా రాస్తేనే చేస్తారు. రాసింది. రిపోర్టులో 0.5 వచ్చింది. కనీసం 1.7 ఉండాలి.

మెగ్నీషియం మరీ తగ్గితే, కాల్షియాన్ని నిలబెట్టే పారాథైరాయిడ్ హార్మోను సరిగ్గా రాదు, వచ్చినా పనిచేయదు. మూత్రపిండాలు పొటాషియాన్ని పట్టి ఉంచలేవు. అందుకే రెండూ కలిసి కూలాయి. కాల్షియం ఎంత పోసినా చిల్లికుండలో నీళ్లే. చిల్లి పడింది పేగులో. పీపీఐలు ఎక్కువకాలం వాడినవాళ్లలో కొద్దిమందికి పేగు మెగ్నీషియాన్ని పీల్చుకోవడం తగ్గిపోతుంది. పైగా నా బి.పి. బిళ్ల ఉన్న కాస్తనీ మూత్రంలోకి పంపేస్తోంది.

మెగ్నీషియం సల్ఫేట్ డ్రిప్ పెట్టారు. కాన్పుల వార్డులో గుర్రపువాతం వచ్చిన తల్లులకి ఇచ్చే మందు అదే. నరంలోకి పోతుంటే ఒళ్లంతా వేడి సెగ పాకింది. ఎక్కువైతే ఊపిరి మందగిస్తుందని గంట గంటకీ మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూసేవాళ్లు, మూత్రం కొలిచేవాళ్లు. పాంటొప్రజోల్ ఆపారు. బి.పి. బిళ్ల మార్చారు. రోజులు గడిచేకొద్దీ కాల్షియం, పొటాషియం వాటంతటవే లేచాయి. వేళ్లు నావయ్యాయి. తర్వాత ఫిట్స్ మందు కూడా మాన్పించారు.

ఇక్కడితో అయిపోతే ఇది చిన్న కథే. నాకు అసలు కష్టం ఇంటికి వచ్చాక మొదలైంది.

పీపీఐ ఆపిన కొద్దిరోజులకే మంట తిరగబడింది, మునుపటి కంటే ఎక్కువగా. ఈ మందులు ఆమ్లాన్ని ఆపినంతకాలం ఒళ్లు గ్యాస్ట్రిన్ అనే హార్మోనుని పెంచుతూ పోతుంది. మందు ఒక్కసారి ఆగగానే ఆ ఒత్తిడంతా బయటపడుతుంది. డెన్మార్క్‌లో 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో కడుపుమంట అంటే ఏమిటో తెలియని ఆరోగ్యవంతులు 120 మందిని తీసుకున్నారు. సగం మందికి ఎనిమిది వారాలు ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపారు. తర్వాతి వారాల్లో వాళ్లలో నూటికి 44 మందికి ఆమ్లం తాలూకు బాధలు వచ్చాయి. ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో అది నూటికి 15. లేని జబ్బే అలా వస్తే, ఉన్న జబ్బు సంగతి చెప్పక్కర్లేదు. నాకు ఫామోటిడిన్ ఇచ్చారు. ఆ బిళ్ల పగలు కొంత ఆదుకునేది, రాత్రికి చాలేది కాదు. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టుకున్నాను, సాయంత్రం ఆరు దాటాక తినడం మానేశాను, కాఫీ వదిలేశాను. అయినా ఇడ్లీ ముక్క గొంతు దిగనంటోంది. మళ్లీ ఎండోస్కోపీ. మళ్లీ పుండ్లు.

అప్పుడు డాక్టరుగారు నా ముందు పెట్టిన ప్రశ్న నేను ఇన్నేళ్లలో కోర్టులో విన్న ఏ చిక్కు కేసు కన్నా కష్టమైనది. బిళ్ల వేసుకుంటే మెగ్నీషియం పడిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు. మానేస్తే అన్నవాహిక మూసుకుపోవచ్చు, రక్తం కారవచ్చు. ఏది తీసుకుంటావు?

నాకు చదవడం అలవాటు. ఇంగ్లీషు కాగితాలు నా వృత్తి. దొరికినంతా చదివాను. నాలాంటివాళ్లు ఇద్దరి గురించి 2006లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో మొదటిసారి వచ్చింది. అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2011 మార్చిలో హెచ్చరిక ఇచ్చింది: ఎక్కువమందిలో ఏడాది పైగా వాడాక ఇది బయటపడుతోంది, దాదాపు పావువంతు మందిలో మెగ్నీషియం బిళ్లలు చాలలేదు, పీపీఐ ఆపాల్సి వచ్చింది అని. ఐరోపాలో పాంటొప్రజోల్ పెట్టెలో వచ్చే కాగితంలో దుష్ఫలితాల్ని ఎంతమందికి వస్తాయో వరుసగా వేస్తారు. అక్కడ 'అరుదు' అంటే వెయ్యిలో ఒకరికి లోపు, పదివేలలో ఒకరికి పైన. మెగ్నీషియం తగ్గడాన్ని ఆ గళ్లలో దేనిలోనూ వేయలేదు. 'ఎంతమందికో తెలియదు' అన్న వరుసలో వేశారు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రక్తంలో మెగ్నీషియం చూడకపోతే లెక్క ఎలా తేలుతుంది? ఆ పి.జి. డాక్టరమ్మ లేకపోతే నేను ఫిట్స్ రోగిగా ఇంటికి వెళ్లేదాన్ని. గ్యాస్ బిళ్ల కొనసాగేది. ఏ లెక్కలోకీ వచ్చేదాన్ని కాదు.

ఇదొక పక్క. నా కోపమంతా ఈ పక్కనే ఉంది, అది ఇప్పటికీ పోలేదు. నాకు రెండో పక్క కనపడటానికి ఇంకో మనిషి కష్టపడాల్సి వచ్చింది.

మా ఆఫీసు సూపరింటెండెంట్ గారికి గుండెలో స్టెంటు వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నారు. ఆ రెంటి వల్ల కడుపులో రక్తం కారకుండా పాంటొప్రజోల్ ఇచ్చారు. నన్ను చూడ్డానికి ఆసుపత్రికి వచ్చారాయన. నా చేతులు చూశారు. ఫోన్లో ఎవరో పంపిన వీడియో కూడా చూశారు, ఈ బిళ్లలు మతిమరుపు తెస్తాయని, కిడ్నీలు పోతాయని, ఎముకలు గుల్లవుతాయని. ఇంటికెళ్లి, ఎవరికీ చెప్పకుండా పాంటొప్రజోల్ ఒక్కటీ ఆపేశారు. కొన్ని వారాలకి నల్లటి విరేచనాలు, కళ్లు తిరిగి బాత్రూంలో పడిపోవడం. రక్తం ఎక్కించాల్సి వచ్చింది. బతికారు. "మీకు అలా అయ్యాక నాకు భయమేసిందమ్మా" అన్నారు నాతో. ఆయన మీద నాకు జాలి తప్ప ఇంకేం కలగలేదు.

ఆ వీడియోలోని భయాలు గాల్లోంచి పుట్టినవి కావు. 2016లో జర్మనీ ఇన్సూరెన్స్ రికార్డుల్ని చూసి, పీపీఐలు వాడిన ముసలివాళ్లలో మతిమరుపు ఎక్కువ కనపడిందని ఒక అధ్యయనం వచ్చింది. కిడ్నీల మీదా అదే ఏడు ఇంకోటి వచ్చింది. కానీ ఈ బిళ్లలు రాసేది ఎక్కువగా ముందే ఒంట్లో బాగులేనివాళ్లకి, పది మందులు వాడేవాళ్లకి. జబ్బు పని ఏదో, బిళ్ల పని ఏదో రికార్డులు విడదీసి చెప్పలేవు. దాన్ని విడదీయడానికి ఒక పెద్ద పరీక్ష జరిగింది. పలు దేశాల్లో 17,598 మంది గుండె, రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లని లాటరీ పద్ధతిన రెండు జట్లు చేసి, ఒక జట్టుకి పాంటొప్రజోల్ 40, ఇంకో జట్టుకి ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి సుమారు మూడేళ్లు చూశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. మతిమరుపు, ఎముకలు విరగడం, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, న్యుమోనియా ఏవీ తేడాగా పెరగలేదు. పేగుల్లో ఇన్ఫెక్షన్లు మాత్రం కాస్త ఎక్కువ: నూటికి 1.4, రెండో జట్టులో 1.0. మూడేళ్ల పరీక్ష పాతికేళ్ల వాడకానికి జవాబు చెప్పదు, నిజమే. అయినా, సూపరింటెండెంట్ గారు భయపడిన వాటిలో చాలావాటికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు ఎక్కడా కనిపించలేదు.

మరి నా మెగ్నీషియం? దానికి సాక్ష్యం వేరే రకం. బిళ్ల ఆపితే లేచింది. మళ్లీ ఇస్తే పడుతుందా అన్నది ఒక్కటే మిగిలింది. ఆ పరీక్ష కూడా నా ఒంటి మీదే జరిగింది. పుండ్లు మళ్లీ వచ్చాక, ఆపరేషన్‌కి ముందు ఒక ప్రయత్నం చేద్దామన్నారు. మందు మార్చి రాబెప్రజోల్ తక్కువ మోతాదులో, దాంతో పాటు మెగ్నీషియం బిళ్లలు, వారం వారం రక్తపరీక్ష. ఏమవుతుందో నాకూ మా ఆయనకీ విడమరిచి చెప్పి, సంతకం తీసుకున్నారు. మెగ్నీషియం బిళ్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. మంట మాత్రం తగ్గింది, అన్నం దిగింది. ఆ కొద్దిరోజులూ ఎంత హాయిగా ఉందో! రక్తపరీక్షలో 1.8 కాస్తా 1.2 అయింది. పెదాల చుట్టూ చీమలు మళ్లీ వచ్చాయి. మళ్లీ మొదలుపెట్టినవాళ్లలో సగటున రెండు వారాలకే తిరిగి పడిపోతుందని ఎఫ్‌డీఏ రాసింది. నాకూ అటూ ఇటుగా అంతే. ఆపేశారు. ఈసారి ఏడ్చాను, ఆసుపత్రిలో కూడా అంత ఏడవలేదు.

మిగిలింది ఆపరేషన్. జారిన కడుపుని కిందికి లాగి, దాని పైభాగాన్ని అన్నవాహిక కింది కొస చుట్టూ చుట్టి కుట్టేస్తారు. ఫండోప్లికేషన్ అంటారు, ఇప్పుడు చిన్న రంధ్రాల్లోంచే చేస్తున్నారు. దానికీ దుష్ఫలితాలున్నాయి, అవి అరుదు కూడా కాదు. మింగడం కష్టమవచ్చు, త్రేన్పు రాక పొట్ట ఉబ్బవచ్చు. అమెరికాలో మాజీ సైనికుల మీద జరిగిన ఒక పరిశీలన 2001లో వచ్చింది. ఆపరేషన్ అయిన పదేళ్ల తర్వాత వాళ్లలో నూటికి 62 మంది మళ్లీ ఏదో ఒక ఎసిడిటీ మందు వాడుతూనే ఉన్నారు. ఈ అంకె సర్జన్‌గారి ముందు పెట్టాను. ఆయన చికాకు పడలేదు. "మీకు మందు పూర్తిగా మానిపించడం నా ఉద్దేశం కాదమ్మా, ఫామోటిడిన్‌తో సరిపోయేలా చేయగలిగితే చాలు" అన్నారు. అన్నవాహిక కండరాల బలం కొలిచే పరీక్ష చేయించి, పూర్తిగా చుట్టకుండా కొంతభాగమే చుడతానన్నారు. ఆ మాటతోనే నా మనసు కుదుటపడింది. అందరికీ సరిపడే జవాబు కాదది, నాకు సరిపడేది.

ఆపరేషన్‌కి ముందు నేను చేసిన పని ఇంకొకటి ఉంది. మందుల దుష్ఫలితాల్ని నమోదు చేయడానికి మన దేశంలో ఒక ఏర్పాటు ఉంది. 1800-180-3024కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు. రోగులు కూడా చెప్పొచ్చు, డాక్టర్లే చెప్పాలని లేదు. ఫారం నింపాను. మందు పేరు, మోతాదు, ఎప్పటినుంచి, ఏమైంది, ఆపితే ఏమైంది, మళ్లీ ఇస్తే ఏమైంది. చివరి రెండు గళ్లూ నింపగలిగేవాళ్లు తక్కువమంది ఉంటారు. నా దగ్గర రెండింటికీ జవాబుంది. 'ఎంతమందికో తెలియదు' అన్న ఆ వరుసలో నేనూ ఒకదాన్నయ్యాను.

ఆపరేషన్ అయి రెండేళ్లు దాటింది. మొదటి నెలంతా జావ, పల్చటి మజ్జిగ, మెత్తటి పప్పన్నం. ఇప్పటికీ గబగబా తింటే ముద్ద ఆగుతుంది. పెళ్లి భోజనంలో సగం విస్తరి దగ్గరే లేస్తాను. పొట్ట ఉబ్బరం ఉంది. రాత్రి ఒక ఫామోటిడిన్ సరిపోతోంది. పోయినసారి ఎండోస్కోపీలో పుండు లేదు. మెగ్నీషియం 1.9. సూపరింటెండెంట్ గారు పాంటొప్రజోల్ వేసుకుంటున్నారు. ఆయన కూడా ఏడాదికోసారి మెగ్నీషియం చూపించుకుంటున్నారు, వాళ్ల డాక్టరుగారు సరేనన్నారు.

మొన్న వానాకాలంలో డెంగీతో మళ్లీ ఆసుపత్రిలో చేరాను. నా ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో పీపీఐలు ఇవ్వవద్దని, ఎందుకో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకున్నాను. అయినా మర్నాడు పొద్దున్నే సిస్టర్ ట్రే తెచ్చింది, అందులో ఆ చిన్న సీసా ఉంది. "ఇది నాకు వద్దమ్మా, ఇది చదువు" అని ఫైలు చూపించాను. ఆ పిల్ల చదివి, సీసా పక్కన పెట్టి, "మెగ్నీషియం కూడా తగ్గుతుందా మేడమ్, మాకెవరూ చెప్పలేదు" అంది. చేతులు ఎలా కొంకర్లు పోతాయో చేసి చూపించాను. డ్యూటీ డాక్టర్‌ని పిలుచుకొచ్చింది. ఆయన కేస్ షీటులో పాంటొప్రజోల్ కొట్టేసి, ఆ రోజు రక్తపరీక్షల్లో మెగ్నీషియం చేర్చారు.